కరువును తట్టుకునే జాతి

మా రాళ్లదిన్నె పట్టణం నగరపాలక సంస్థ హోదాకు ఎదిగిన సంవత్సరం వర్షపాతం పెరగలేదు గాని, కమిషనర్ గారి ప్రయాణాలు పెరిగాయి. ఆయన పేరు హేమచంద్ర. సముద్రతీరపు జిల్లా నుంచి బదిలీపై వచ్చిన మర్యాదస్తులు. నీళ్లు లేని చోట నగరాన్ని ఎలా నిర్మిస్తారో చూసి రమ్మని ప్రభుత్వం ఆయనను ఒక ఎడారి దేశానికి అధ్యయన యాత్రకు పంపింది. ఆయన ఆరు రోజులు అధ్యయనం చేశారు. విమానాశ్రయం నుంచి హోటలు వరకు ఉన్న రోడ్డును క్షుణ్ణంగా పరిశీలించారు. ఆ రోడ్డుకు రెండు వైపులా బారులు తీరిన పామ్ చెట్లే ఆ దేశపు సంపదకు మూలకారణమన్న నిర్ణయంతో తిరిగి వచ్చారు.

మూడు నెలలు తిరగకముందే మా రైల్వే స్టేషను నుంచి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వరకు నూట ఇరవై పామ్ చెట్లు లారీల మీద పడుకుని వచ్చాయి. ఆకులను తాళ్లతో నెత్తిమీద ముడివేసి, వేళ్లకు గోనెపట్టా చుట్టి తెచ్చారు. క్రేను ఒక్కొక్కదాన్ని లేపి గుంతలో నిలబెట్టినప్పుడల్లా ప్రముఖులు చప్పట్లు కొట్టారు.

చివరి చెట్టును ఆసుపత్రి గేటు ముందు నాటారు. ఆ గేటు పక్కనే ఓబులమ్మ పొయ్యి ఉంది. మా ప్రసూతి ఆసుపత్రిలో మంచాలున్నాయి, డాక్టర్లున్నారు, నర్సులున్నారు, వేడినీళ్లు లేవు. అందుకని ఇరవై రెండేళ్లుగా ఓబులమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద సత్తు బాన ఎక్కించి, గేటు దగ్గరి బోరు కొళాయి నీళ్లు పట్టి కాచి, బాలింతలకు తోడుగా వచ్చినవాళ్ల చెంబుల్లోనూ ఫ్లాస్కుల్లోనూ పోస్తూ జీవిస్తోంది. ఈ పట్టణంలో పుట్టినవారిలో సగం మందికి మొదటి స్నానం ఆమె కాచిన నీళ్లతోనే జరిగింది.

చెట్టు నాటడం పూర్తికాగానే ఓబులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉద్యాన విభాగాధికారి కులశేఖర్ గారి దగ్గరకు వెళ్లింది.

"ఈతచెట్లే గదా సార్ ఇవి? మా వంకగట్టున ఊరికే మొలుస్తాయి. పండ్లు కాస్తాయా?"

"ఈతచెట్టు కాదమ్మా," అన్నారాయన నొచ్చుకుని. "ఇది స్థానికేతర అలంకార వృక్షం. కాయడం దీని విధుల్లో లేదు."

"నీడన్నా ఇస్తాదా?"

"నీడ దీని పరిధిలోకి రాదు."

"మల్ల యేం చేస్తాది సార్?"

"నిలబడుతుంది," అన్నారు కులశేఖర్ గారు, ఎంతో గౌరవంగా.

"అంతేనా! మా ఇంటాయనా అదే చేస్తాడు. ఆయనకు క్రేను తెచ్చినోళ్లు లేరు."

నీళ్ల ట్యాంకరు నడిపే మస్తాన్ వలీ పక్కనే ఉన్నాడు. అతడు పద్నాలుగేళ్లు ఎడారి దేశంలో కూలి చేసి నిరుడే ఇల్లు చేరినవాడు. అక్కడ అతని పని పామ్ చెట్లకు నీళ్లు పోయడం.

"చూస్తివా ఓబులక్కా," అన్నాడు. "దీనికి నీళ్లు పోసేకని నన్ను అంత దూరం పిల్చుకపోయిరి. తప్పించుకోని నేనొస్తే, ఇది నా యెనకాలే వచ్చె. ఆడ కూడా ఇది వాళ్లది కాదంట. ఇంకేదో దేశం నుంచి తెచ్చినారంట."

"అయితే దీనికి సొంతూరే లేదా మస్తానూ, పాపం!"

ఎండలు ముదిరేసరికి చెట్ల ఆకుల కొసలు మాడసాగాయి. అలంకార వృక్షం మాడితే అలంకారం ఏముంటుంది? కనుక ప్రతి చెట్టుకూ నాలుగు ఇనుప కడ్డీలు పాతి, పైన ఆకుపచ్చ వల కట్టి నీడ కల్పించారు. చెట్టు కింద మనుషులు కూర్చోవడం పాత పద్ధతి. నీడ కింద చెట్టు నిలబడటం మా నగరం కనిపెట్టిన పద్ధతి. ఆసుపత్రికి వచ్చిన పల్లెవాళ్లు ఆ సూక్ష్మం తెలియక వల కింద చేరి సద్దిమూటలు విప్పితే, మర్నాటికి ప్రతి కడ్డీకి ఒక బోర్డు వేలాడింది: "ఈ నీడ చెట్టు ఉపయోగార్థం మాత్రమే."

ఇక నీళ్లు. మా పట్టణానికి కొళాయి నీళ్లు వచ్చేది ఆరు రోజులకొకసారి. పామ్ చెట్టుకు మాత్రం రోజుకు వంద లీటర్లు పోయాలన్నది వాటిని సరఫరా చేసినవారు పెట్టిన షరతు. ఈ రెండింటికీ సమన్వయం కుదర్చడానికి కులశేఖర్ గారు నాలుగు రోజులు గది తలుపులు వేసుకుని కూర్చుని ఒక ఉత్తర్వు తయారుచేశారు. దాన్ని కార్యాలయం నోటీసు బోర్డు మీద నేను స్వయంగా చదివాను. నకలు కూడా తెచ్చుకున్నాను. అందులోని ముఖ్యభాగం ఇది:

"స్థానిక జాతులు తరతరాలుగా ఈ శుష్క వాతావరణమునకు అలవాటుపడియున్నందున అవి కరువును తట్టుకునే జాతులుగా పరిగణింపబడును. వాటికి నీరు సరఫరా చేయుట వృథా వ్యయము. స్థానికేతర జాతులకు ప్రతిదినము వంద లీటర్ల నీరు హామీ ఇవ్వబడును. ఈ నగరములో ఏడు వేసవులు పూర్తిచేయని ప్రతి జీవియు స్థానికేతరముగానే భావింపబడును."

దీని ప్రకారం వేపచెట్లకూ కానుగచెట్లకూ నీళ్లు ఆపేశారు. వాటికి ఎవరూ ఎన్నడూ పోయలేదు కాబట్టి అవి ఆ సంగతి గమనించలేదు. పదకొండు రోజులు కొళాయిలు రాకపోయేసరికి మనుషులు గమనించారు. సోమవారం నాటి ప్రజావిజ్ఞప్తుల సమావేశానికి జనం ఖాళీ బిందెలతో వెళ్లారు. నేను నా అర్జీతో వెళ్లాను.

కమిషనర్ గారు కోపగించుకోలేదు. ఆయన చల్లని మనిషి.

"పౌరులారా," అన్నారు. "ఉత్తర్వు శాస్త్రీయమైనది. శాస్త్రానికి చెట్టు వేరు, మనిషి వేరు అనే పక్షపాతం ఉండదు. కరువును తట్టుకునే శక్తి స్థానిక వృక్షజాతికి ఉన్నప్పుడు స్థానిక జనాభాకు లేదనడం వారిని కించపరచడం కాదా?"

"అంటే మేమూ తట్టుకునే జాతేనా సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పదకొండు రోజులుగా తట్టుకుంటున్నారు కదా! ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

ఆ తర్కానికి ముందువరుసలోని కార్పొరేటర్లు చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ఇంటింటి సర్వే మొదలైంది. అంతవరకు మా ప్రాంతంలో స్థానికుడినని రుజువు చేసుకునే ధ్రువపత్రం కోసం జనం తహసీల్దారు కార్యాలయం మెట్ల మీద చెప్పులరిగేలా తిరిగేవారు. ఆ వారంలో అదే మెట్ల మీద, తాము స్థానికులం కామని రాసిమ్మంటూ బారులు తీరారు. ఒకాయన తన నాయనమ్మ పెళ్లినాటికి నెల్లూరు మనిషని చూపడానికి ఇత్తడి బిందె తెచ్చాడు. దాని మీద పుట్టింటివారు చెక్కించిన ఊరి పేరు ఉంది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిందెకు మాత్రం నీళ్లు మంజూరు చేశాడు. కమిషనర్ గారు వచ్చి రెండేళ్లే కావడంతో ఆయన బంగళాకు ఏ పేచీ లేకుండా ట్యాంకరు రోజూ వెళ్లేది. నీటి ఊళ్లో పుట్టిన శరీరం తట్టుకోదని కులశేఖర్ గారు తన కలంతో ధ్రువీకరించారు.

సర్వే మనిషి ఓబులమ్మ పొయ్యి దగ్గరకూ వచ్చాడు.

"ఎక్కడ పుట్టినావమ్మా?"

"ఇదో, ఈ ఆసుపత్రిలోనే."

"మీ అమ్మ?"

"ఆ రాళ్లగుట్ట యెనకాల. మా అవ్వ ఆ గుట్టకు ఈ పక్క."

అతడు ఎంతో అభిమానంగా రాసుకున్నాడు. "సంపూర్ణ స్థానికురాలివి తల్లీ! ఈ వార్డు మొత్తానికి నువ్వొక్కదానివే."

"సంపూర్ణమంటే యేమన్నా ఇస్తారా నాయనా?"

"ఇవ్వరు. నీకేమీ అవసరం లేదని అర్థం."

ఆ సాయంత్రమే గేటు దగ్గరి కొళాయికి సీలు వేశారు.

మూడో రోజు ఓబులమ్మ మా ఇంటికి వచ్చింది. నా ఇల్లు ఆసుపత్రి ఎదురు సందులోనే. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పిన దానను కాబట్టి మా వార్డు అర్జీలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆమె కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే మాట్లాడింది.

"పొయ్యి ఆరిపోయి మూడు దినాలు టీచరమ్మా. బాన యెండిపోయి గలగలమంటాంది. ఇంకో వారం ఇట్లే ఉంటే సామాను కట్టుకోని బెంగుళూరుకు పోతా, కూలికి. నేను పోతే పోతా గానీ, ఆడ ఆసుపత్రిలో నరసక్క అనే ఆమె మనవడు పుట్టి రెండు దినాలు. కాన్పు మురికి ఇంకా ఒంటి మీదనే ఉండాది. నరసక్క కూతురు రేణుక, బిడ్డ తల్లి, చెంబుడు నీళ్లకు యేడుస్తాంది. ఇరవై రెండేండ్లలో నా పొయ్యి కాడికొచ్చి ఖాళీ చెంబుతో మళ్లినోళ్లు లేరు. మొన్న ముప్పై మంది మళ్లిరి."

"పద," అన్నాను. చీర మార్చుకుని, ఉత్తర్వు నకలు సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

కులశేఖర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. అర్జీ ఆసాంతం చదివారు.

"భాష చాలా బాగుందండీ," అన్నారు. "కాని ఓబులమ్మ స్థానికురాలు. తట్టుకుంటుంది."

"నీళ్లు ఆమెకు కాదు, బాలింతలకు."

"బాలింతలు ఎక్కడివారు?"

"చుట్టుపక్కల పల్లెలవారు."

"తట్టుకుంటారు."

"బిడ్డలు?"

"సహజంగా, తల్లిదండ్రులు స్థానికులైనప్పుడు వారి సంతానం కూడా..."

నేను ఉత్తర్వు తీసి బల్ల మీద పరిచాను. "ఇందులో తల్లిదండ్రుల ప్రస్తావన ఎక్కడా లేదు. 'ఈ నగరములో ఏడు వేసవులు పూర్తిచేయని ప్రతి జీవియు' అని ఉంది. కింద సంతకం మీది. మొన్న పుట్టిన బిడ్డ ఎన్ని వేసవులు పూర్తి చేశాడో చెప్పండి."

ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టబోయారు. ఒక్క వేలు కూడా ముడుచుకోలేదు.

"మీ చెట్లు వచ్చి నాలుగు నెలలు," అన్నాను. "ఈ బిడ్డ వచ్చి రెండు రోజులు. మీ చెట్లకంటే వీడే కొత్తవాడు. రోజుకు వంద లీటర్లు వీడికి హామీ."

కులశేఖర్ గారు లేచి కమిషనర్ గారి గదిలోకి వెళ్లారు. మేము గోడ గడియారం కింద కూర్చున్నాం. లోపల ఏం జరిగిందో ఆ తర్వాత తెలిసింది. ఉత్తర్వును సవరిద్దామని కులశేఖర్ గారు మొర పెట్టుకున్నారట. కాని అది అప్పటికే రాష్ట్రస్థాయి బహుమతికి 'ఆదర్శ విధానం'గా వెళ్లిపోయింది. ఆదర్శాన్ని దిద్దితే అది ఆదర్శమెలా అవుతుంది? కమిషనర్ గారు నియమానికి కట్టుబడే మనిషి. బిడ్డలను కూడా మొదటి శ్రేణి లబ్ధిదారులుగా చేర్చమని ఆదేశించారు. పామ్ చెట్లకు పోయగా బిడ్డలకు నీళ్లు మిగలవు గనుక, చిట్టచివర నాటిన చెట్ల వంతు తగ్గించమన్నారు.

చిక్కేమిటంటే, నంబరు ప్లేటు లేని దేనికీ ట్యాంకరు నీళ్లు పోయరాదు. చెట్లకు ఒకటి నుంచి నూట ఇరవై వరకు ప్లేట్లు కొట్టి ఉన్నాయి. కాబట్టి నూట ఇరవై ఒకటి నుంచి బిడ్డలకు వచ్చాయి. అరచేయంత అల్యూమినియం రేకులవి. మేకుతో కొట్టాలని సూచనల్లో ఉన్నా, నర్సమ్మలు ఒప్పుకోకపోవడంతో పొత్తిగుడ్డల ముడికి తగిలించారు. నరసక్క మనవడు నూట ఇరవై ఒకటి.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మస్తాన్ ట్యాంకరు ఆసుపత్రి గేటు ముందు ఆగింది. వెంట కులశేఖర్ గారు రిజిస్టరుతో దిగారు. అది చెట్ల రిజిస్టరే. కొత్తది అచ్చువేయడానికి వ్యవధి లేకపోయింది. అమ్మమ్మలూ అవ్వలూ బిడ్డలను ఎత్తుకుని వరుసగా నిలబడ్డారు. వాళ్ల వెనక బాలింతలు తలలకు గుడ్డలు కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఓబులమ్మ బానను బోర్లించి తుడిచి మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"లబ్ధిదారు నూట ఇరవై ఒకటి," అని పిలిచారు కులశేఖర్ గారు. "ఎత్తు?"

"మూరెడు ఉంటాడు సార్," అంది నరసక్క.

"కాండం నిటారుగా ఉన్నదా, వంగి ఉన్నదా?"

"ఇంకా మెడ నిలవలేదు సామీ. మూడు నెలలు కావాల."

"వంగి ఉన్నది," అని రాసుకున్నారు. "ఆకుల సంఖ్య?"

నరసక్క కంగారుగా బిడ్డను ఇటూ అటూ తిప్పి చూసింది. "చెవులు రెండు ఉండాయి సార్."

"రెండు. రంగు?"

"ఎర్రగా ఉండాడు, వాళ్ల నాయన మాదిరి."

"ఎరుపు గడి లేదమ్మా. పచ్చ, పసుపు, ఎండినది. మూడే ఉన్నాయి."

"పచ్చ రాయండి సార్," అన్నాడు మస్తాన్. "బతికుండేదంతా పచ్చే."

వివరాలు ముగిశాయి. మస్తాన్ గొట్టం లాగి ఓబులమ్మ బానలో పెట్టబోయాడు.

"ఆగు!" అన్నారు కులశేఖర్ గారు. "పాత్రలో పోయరాదు. మార్గదర్శకాల ప్రకారం నీరు లబ్ధిదారు వేరు వద్దనే, అధికారి సమక్షంలో పోయబడాలి. పాత్రలో పోస్తే అది స్థానికుల చేతికి మళ్లే ప్రమాదం ఉంది."

ఓబులమ్మ లేచి నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"పసిబిడ్డకు ఆ గొట్టం పెట్టి వంద లీటర్లు పోస్తారా సార్, సన్నీళ్లు? పోయండి. బిడ్డకేమన్నా అయితే ఆ రిజిస్టర్లో యే గడిలో రాసుకుంటారో రాసుకోండి."

ఆయన గడులన్నీ వెతికారు. "ఎండినది" అన్న గడి దగ్గర వేలు ఆగింది. ఒక లబ్ధిదారు ఎండిపోతే మూడు ప్రతుల్లో సంజాయిషీ రాయాలని ఆయనకు తెలుసు. నుదురు తుడుచుకున్నారు.

"కాచడాన్ని నీటి శుద్ధిగా పరిగణించవచ్చు," అన్నారు చివరకు. "కాని పోయడం నా కళ్ల ముందే జరగాలి. వేరు దగ్గరే."

మస్తాన్ బాన నింపాడు. నాలుగో రోజున పొయ్యి మళ్లీ వెలిగింది. నీళ్లు కాగాక ఓబులమ్మ మోచేత్తో వేడి చూసి, బండ మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి కాళ్లు చాపింది. నరసక్క పొత్తిగుడ్డలు విప్పి బిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. నెత్తిన నూనె అద్ది, సున్నిపిండి నలిచి, చెంబుతో నీళ్లు జారవిడుస్తూ ఉంటే లబ్ధిదారు నూట ఇరవై ఒకటి ఆసుపత్రి గోడలు అదిరేలా ఏడ్చాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఊరుకుని నిద్రపోయాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. కులశేఖర్ గారు పాదాల మీద నీళ్లు పడ్డాయా లేదా అని వంగి చూసి టిక్కు పెట్టుకున్నారు.

బిడ్డకు నాలుగు చెంబులు పట్టాయి. బానలో ఇంకా నిండుగా పొగలు కక్కుతున్న నీళ్లు ఉన్నాయి. ఓబులమ్మ బిడ్డను అవ్వ చేతికి ఇచ్చి, బకెట్టులోకి నీళ్లు ముంచి, గోడకు ఆనుకున్న రేణుక వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?" కులశేఖర్ గారు అడ్డం వచ్చారు. "ఆమె స్థానికురాలు. మిగిలిన నీరు ట్యాంకరులోకి వాపసు పోవాలి."

"మీరే గదా సార్ యేరు కాడ పొయ్యమనింది!"

"పోశావు కదా, పాదాల దగ్గర."

"పాదాల కాడ చెట్టుకు యేరుంటాది. ఈ పిల్లోడు పాలు తాగేది పాదాలతోనా?" బకెట్టు కింద పెట్టలేదు ఓబులమ్మ. "వాడు తాగేది ఈమె కాడ. ఈమె యెండితే వాడు యెండుతాడు. వాడికి యేరు ఈమె సార్. యాడ పొయ్యాల్నో మీరే చెప్పండి."

నేను రాసిన అర్జీలో ఆ మాట లేదు.

కులశేఖర్ గారు బాలింత వైపు చూశారు. బిడ్డ వైపు చూశారు. మార్గదర్శకాల పుస్తకం తెరిచి మొదటి నుంచి చివరి దాకా తిప్పారు. ఆ తర్వాత కలం మూత తీసి, 'వేరు' అన్న గడి ఎదుట 'తల్లి' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు.

రేణుక నీళ్ల బకెట్టు తీసుకుని తడిక చాటుకు వెళ్లింది. మొదటి చెంబు నీళ్లు పడిన చప్పుడు బయటికి వినిపించింది.

అప్పుడు నరసక్క మనవడిని పక్కావిడ చేతిలో పెట్టి, సంచిలోంచి తన ఖాళీ చెంబు తీసుకుని ముందుకు వచ్చింది.

"సార్, దాన్ని కన్నది నేను. దానికి యేరు నేనే."

కులశేఖర్ గారు తలెత్తారు. నరసక్క వెనక మరో అవ్వ నిలబడి ఉంది. ఆమె వెనక మరొకరు. గేటు దాటి, సందు దాటి, మా వార్డు ఆడవాళ్లు ఎప్పుడు వచ్చి చేరారో గాని, వీధి మలుపు దాకా బిందెలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. కొందరికి కూతుళ్లున్నారు, కొందరికి మనవరాళ్లున్నారు. ఆ ఆసుపత్రిలో ఎవరినో ఒకరిని కననివారు, ఎవరో ఒకరికి పుట్టనివారు ఆ వరుసలో ఒక్కరూ లేరు.

"ఇదెంత దూరం పోతుందయ్యా?" అని కులశేఖర్ గారు నీరసంగా మస్తాన్‌ను అడిగారు. "నువ్వు అక్కడ పనిచేసినవాడివి. వేరుకు ఎంతవరకు పోయాలి?"

"మొదటి దినమే చెప్పినారు సార్ ఆడ," అన్నాడు మస్తాన్, గొట్టం చుట్ట విప్పి భుజాన వేసుకుంటూ. "బోదె కాడ పోస్తే చాలదు. యేరు యెంత దూరం పాకితే అంత దూరం తడపాల. లేకుంటే చెట్టు నిలబడదు."

గొట్టం లాక్కుంటూ అతడు వీధిలోకి నడిచాడు.